ఏర్పాటులో నా పేరుందా?

అందరికీ వందనాలు. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ముందు వరసలో ఉంటే ప్రశ్నలు అడుగుతానేమోనని భయపడకండి, ఇవాళ అడగాల్సింది మీరే. చీటీలు పంచారు కదా, రాసి ఇవ్వండి, చివర్లో చూద్దాం.

ఒక చీటీ మాత్రం నేను లోపలికొస్తుండగానే ఎవరో చేతిలో పెట్టి వెళ్లిపోయారు. పేరు రాయలేదు. చదువుతాను. "పాస్టర్ గారూ, దేవుడు కొందరినే ఏర్పరచుకున్నాడంటే అందులో నేను ఉన్నానో లేదో ఎలా తెలుస్తుంది? దీని గురించి ఆలోచిస్తుంటే నిద్ర పట్టడం లేదు." అంతే, రెండు వాక్యాలు. ఇదిగో నా నోట్సు, పదకొండు పేజీలు. ఈ చీటీ చదివాక అందులో సగం పక్కన పెట్టేశాను. నిద్ర పట్టనివాడికి నిర్వచనాలు చెప్తే ఏం లాభం?

అయినా మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే చాలా తికమక అక్కడే మొదలవుతుంది. దేవుడు కొందరిని తనవాళ్లుగా ఎంచుకోవడానికి మన బైబిల్లో "ఏర్పాటు" అనే మాట ఉంటుంది. బయట ఏర్పాట్లంటే కుర్చీలు, మైకు, టెంటు. కొంతమంది "ఎన్నిక" అంటారు, అది ఇంకా ఇబ్బంది, ఎన్నిక అనగానే ఓట్లు, అభ్యర్థులు, ఎవరికెంత అర్హత ఉందనే బేరీజు గుర్తొస్తాయి. ఓటరు అభ్యర్థిలో ఏదో ఒకటి చూసే కదా ఓటేస్తాడు! పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో ఏమంటాడు? "జగత్తు పునాది వేయబడకమునుపే, ప్రేమచేత ఆయన క్రీస్తులో మనలను ఏర్పరచుకొనెను." పునాదే పడలేదు. చూడ్డానికి అభ్యర్థి ఇంకా పుట్టనే లేదు. మన మంచితనం, మన చెడ్డతనం, మనం పాడిన పాటలు, ఎగ్గొట్టిన ప్రార్థనలు, ఏవీ లేవు. మరి ఏం చూసి ఏర్పరచుకున్నాడు? దీని మీదే పదహారు వందల ఏళ్లుగా గొడవ నడుస్తోంది, అందులో మంచివాళ్లు కూడా ఒకరినొకరు చాలా మాటలు అనుకున్నారు.

నేనూ అన్నాను. చెప్పేస్తాను, దాచుకుంటే మిగతాది చెప్పే హక్కు నాకుండదు. బైబిల్ కాలేజీలో ఉన్న రోజుల్లో ఈ సిద్ధాంతం కొత్తగా తలకెక్కింది. చదివిందల్లా ఎవరో ఒకరి మీద ప్రయోగించాలనిపించే వయసు. నాకొక స్నేహితుడు ఉండేవాడు, ఊరికే ప్రశ్నలు వేసేవాడు, నిజాయితీగానే వేసేవాడు. ఒక రాత్రి వాదన ముదిరి, జవాబు దొరక్క, "నీకు అర్థం కాదులేరా, నువ్వు ఏర్పాటులో లేవేమో" అనేశాను. నవ్వుతూనే అన్నాను. వాడూ నవ్వాడు. ఆ తర్వాత వాడు నన్ను దేవుడి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇప్పటికి ముప్పై ఏళ్లయింది. మాట్లాడుకుంటాం, ఫోన్లు చేసుకుంటాం, ఆ విషయం తప్ప అన్నీ వస్తాయి.

ఆ రాత్రి నేను చేసిన తప్పేమిటో నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. అప్పట్లో మాట కటువుగా ఉంది అనుకున్నాను, అంతే. తర్వాత తెలిసింది, అసలు ఆ మాటను వాడకూడని చోట వాడాను. బైబిల్లో ఏర్పాటు అనేది సాక్ష్యంలో వచ్చే మాట. ఒక మనిషి వెనక్కి తిరిగి చూసుకుని "ఇదంతా నేను చేసింది కాదు, ఆయనే మొదలుపెట్టాడు" అని చెప్పుకునే చోట వస్తుంది. దాన్ని మనం తీసుకెళ్లి హాజరు పట్టీ చేశాం. ఎవరున్నారు, ఎవరు లేరు, పక్కవాడి పేరు పిలిస్తే పలుకుతాడా లేదా. పౌలు ఎఫెసీ మొదటి అధ్యాయం రాస్తున్నప్పుడు లెక్క రాయడం లేదు, స్తుతిస్తున్నాడు. మూడో వచనం నుంచి పద్నాలుగో వచనం దాకా గ్రీకులో అదంతా ఒకే వాక్యం, ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాడు. కృతజ్ఞత పొంగినప్పుడు మనిషి అలాగే మాట్లాడతాడు, ఫుల్‌స్టాప్ పెట్టడం గుర్తుండదు.

సరే, పాత నిబంధనకు వెళ్దాం, ఎందుకంటే పౌలు ఈ మాటను అక్కడి నుంచే తెచ్చుకున్నాడు. ద్వితీయోపదేశకాండం ఏడో అధ్యాయం. మోషే ఇశ్రాయేలీయులతో చెప్తున్నాడు, మీరు పెద్ద జనమని దేవుడు మిమ్మల్ని ఏర్పరచుకోలేదు, అన్ని జనాల కంటే మీరు లెక్కకు తక్కువే కదా అని. మరి ఎందుకు ఏర్పరచుకున్నాడు? మిమ్మల్ని ప్రేమించాడు గనుక. ఎందుకు ప్రేమించాడు? దానికి కారణం రాయలేదు. ప్రేమించాడు గనుక ప్రేమించాడు, మీ పితరులకు ఇచ్చిన మాట ఉంది, అంతే. ఇంకో రెండు అధ్యాయాలు పోతే ఇంకా గట్టిగా చెప్తాడు, మీ నీతిని బట్టి ఈ దేశం ఇవ్వడం లేదు, మీరు అసలు మాట వినని జనం అని. ఏర్పరచబడిన వాళ్లకు వాళ్ల నాయకుడు ఇస్తున్న సర్టిఫికెట్ చూడండి!

అబ్రాహాము దగ్గరా అంతే. ఆదికాండం పన్నెండులో పిలుపు వచ్చినప్పుడు అది "నిన్ను ఆశీర్వదిస్తాను" దగ్గర ఆగదు, "భూమియొక్క సమస్తవంశములు నీయందు ఆశీర్వదించబడును" దాకా వెళ్తుంది. ఒక్కణ్ణి పక్కకు తీసింది అందరి కోసం. ఈ సంగతి ఇశ్రాయేలు మర్చిపోయినప్పుడు ఆమోసు ప్రవక్త వచ్చి గుర్తు చేశాడు, అదీ మామూలుగా కాదు. భూమి మీది అన్ని వంశాల్లో మిమ్మల్ని మాత్రమే ఎరిగి ఉన్నాను, గనుక... ఇక్కడ మనమైతే ఏం రాస్తాం? "గనుక మిమ్మల్ని కాపాడతాను" అని రాస్తాం. ఆమోసు మూడో అధ్యాయం రెండో వచనం తీసి చూడండి, "గనుక మీరు చేసిన దోషక్రియలన్నిటిని బట్టి మిమ్మును శిక్షింతును" అని ఉంటుంది. అదే పుస్తకం తొమ్మిదో అధ్యాయంలో ఇంకో దెబ్బ. మిమ్మల్ని ఐగుప్తు నుంచి తెచ్చానని గొప్పలు పోతున్నారా, ఫిలిష్తీయుల్ని కఫ్తోరు నుంచి తెచ్చింది కూడా నేనే, అరామీయుల్ని కీరు నుంచి తెచ్చింది కూడా నేనే అంటాడు. శత్రువులకు కూడా ఒక నిర్గమకాండం ఉందట! వింటున్నవాళ్ల మొహాలు ఎలా మాడి ఉంటాయో.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటికి వస్తాను. మొదటి సమూయేలు పదహారు. సమూయేలు బేత్లెహేముకు వచ్చాడు, కొమ్ములో నూనె ఉంది, కొత్త రాజును అభిషేకించాలి. యెష్షయి కొడుకుల్ని వరసగా నిలబెట్టారు. పెద్దవాడు ఏలీయాబు, పొడుగ్గా, చూడగానే రాజులా ఉన్నాడు. సమూయేలు మనసులో అనుకున్నాడు, వీడే. కాదు. తర్వాత అబీనాదాబు. కాదు. షమ్మా. కాదు. ఇలా ఏడుగురు అయిపోయారు. ఒక్కసారి ఆ గదిలో ఉన్నట్టు ఊహించుకోండి. నూనె కొమ్ము చేతిలో అలాగే ఉంది, వంచలేదు. ఏడుగురు అన్నదమ్ములు ఎవరి మొహం ఎవరూ చూసుకోవడం లేదు. ముసలి ప్రవక్తకు ఏం చేయాలో తోచక, "నీ కొడుకులందరూ వీళ్లేనా?" అని అడిగాడు. అప్పుడు గానీ తండ్రికి గుర్తు రాలేదు, ఇంకొకడున్నాడు, చిన్నవాడు, గొర్రెల దగ్గర ఉన్నాడు. కన్నతండ్రే లెక్కలో చేర్చలేదు! సమూయేలు ఏమన్నాడంటే, వాణ్ణి పిలిపించు, వాడు వచ్చేదాకా మనం కూర్చునేది లేదు.

ఇందులో ఒక తమాషా ఉంది. మనుషులు పైరూపాన్ని చూస్తారు, యెహోవా హృదయాన్ని చూస్తాడు అని కాసేపటి క్రితమే చెప్పారా, దావీదు లోపలికి రాగానే అతను ఎర్రగా, చక్కని కళ్లతో, చూడ్డానికి బాగున్నాడని అదే రచయిత రాశాడు. పాపం, ఆయనా మనిషే. అది పక్కన పెట్టండి. ఆ ఇంట్లో జరిగిన ఏర్పాటు ఎవర్ని బయటికి తోసింది? ఎవర్నీ తోయలేదు. అన్నలు అన్నలుగానే ఉన్నారు. వదిలేసినవాణ్ణి లోపలికి పిలిచింది. కొన్నేళ్ల తర్వాత గొల్యాతు ముందుకు ఆ చిన్నవాడు వెళ్లినప్పుడు, యుద్ధానికి వచ్చిన పెద్దన్నలు ముగ్గురూ సైన్యంలో వణుకుతున్నారు, వాళ్ల కోసమే వెళ్లాడు. అభిషేకం జరిగింది అతనికి, బతికింది వాళ్లు.

ఇక రోమా తొమ్మిది. అందరూ దీని కోసమే చూస్తున్నారని తెలుసు. ఇస్సాకు కవల పిల్లల గురించి దేవుడి మాట, యాకోబును ప్రేమించాను, ఏశావును ద్వేషించాను. పిల్లలు ఇంకా పుట్టలేదు, మేలు గానీ కీడు గానీ చేయలేదు, అప్పుడే నిర్ణయం జరిగింది అంటాడు పౌలు. తర్వాత కుమ్మరి, మట్టి, "ఓ మనుష్యుడా, దేవునికి ఎదురు చెప్పుటకు నీవెవడవు?" చీటీ రాసిన మనిషి కూడా ఈ అధ్యాయం చదివే నిద్ర పోగొట్టుకుని ఉంటాడని నా అనుమానం. ఈ మాటల బరువును తగ్గించి చెప్పడం నాకు ఇష్టం లేదు, అవి బరువైనవే. అయితే ఆ అధ్యాయంలోకి ఎలా వెళ్తున్నారో చూడండి. మొదటి మూడు వచనాలు ఎవరూ కోట్ చేయరు. నా హృదయంలో మానని వేదన ఉంది, నా సొంత జనం కోసం నేను క్రీస్తు నుంచి వేరై శాపగ్రస్తుణ్ణి అయిపోయినా ఫర్వాలేదు అంటాడు. ఏర్పాటు మీద బైబిల్లో ఉన్న అతి కఠినమైన అధ్యాయం, బయట ఉన్నారని తాను అనుకుంటున్న వాళ్ల కోసం ఏడుస్తున్న మనిషి చేతి రాత. ఆ ఏడుపు లేకుండా మిగతా ముప్పై వచనాలు చదివితే, నేను ఆ రాత్రి నా స్నేహితుడితో మాట్లాడినట్టే ఉంటుంది.

ఇంకోటి, తొమ్మిదిలో ఆగకండి, పదకొండు దాకా చదవండి. తొమ్మిదిలో మొదలైన వాదన అక్కడికి వెళ్లి ముగుస్తుంది. అక్కడ ఒలీవ చెట్టు ఉంది, విరిగిన కొమ్మల్ని మళ్లీ అంటుకట్టగలడు దేవుడు అని ఉంది, చివర్లో అందరి మీదా కరుణ చూపాలనే అందర్నీ అవిధేయతలో మూసి ఉంచాడు అనే మాట ఉంది. ఆ తర్వాత పౌలు వాదించడం ఆపేసి "ఆహా" అంటాడు. దేవుని బుద్ధి జ్ఞానాల లోతు నాకు అందదని ఒప్పుకుంటాడు.

ఏశావు సంగతి కూడా అన్యాయంగా వదిలేస్తాం మనం. ఏశావు నరకానికి పోయాడని ఆదికాండంలో ఎక్కడుంది? "ఏశావును ద్వేషించాను" అనే మాటను పౌలు తెచ్చుకున్నది మలాకీ ప్రవక్త నుంచి, మలాకీ ఆ మాట రాసినప్పుడు మాట్లాడుతున్నది ఏశావు సంతానమైన ఎదోము అనే జనం గురించి. ఆ ఎదోము గురించే ధర్మశాస్త్రంలో ఏముందో తెలుసా, ఎదోమీయులు నీ సహోదరులు, వాళ్లను ద్వేషించకూడదు అని ఉంది, ద్వితీయోపదేశకాండం ఇరవై మూడు. శేయీరు కొండ నేను ఏశావుకు ఇచ్చాను, అందులో అడుగు భూమి కూడా మీకివ్వను అని అదే పుస్తకం రెండో అధ్యాయంలో దేవుడే ఇశ్రాయేలుకు హద్దు గీశాడు. ఆదికాండం ముప్పై మూడు చూడండి. యాకోబు, అంటే ఏర్పరచబడినవాడు, భయంతో ఏడుసార్లు నేలకు వంగుతూ వస్తున్నాడు. ఏశావు పరుగెత్తుకుంటూ వెళ్లి, మెడ మీద పడి ముద్దుపెట్టుకున్నాడు, ఇద్దరూ ఏడ్చారు. అప్పుడు యాకోబు అంటాడు, దేవుని ముఖం చూసినట్టు నీ ముఖం చూశాను అని. ముందు రాత్రే దేవుడితో పెనుగులాడి, ఆయన్ని ముఖాముఖిగా చూశానని చెప్పిన మనిషి ఈ మాట అంటున్నాడు! ఏర్పాటు గురించి పుస్తకాలు రాసేవాళ్లు ఈ వచనాన్ని ఎందుకు దాటేసి వెళ్లిపోతారో నాకు తెలీదు. అబ్రాహాము ఇంకో కొడుకు ఇష్మాయేలు కూడా అంతే, వాగ్దానం ఇస్సాకుదే, కానీ ఎడారిలో పొద కింద ఏడుస్తున్న ఇష్మాయేలు స్వరం దేవుడు విన్నాడు. ఆ పేరుకు అర్థమే దేవుడు వింటాడు అని.

చరిత్రలోకి కొంచెం వెళ్దాం, కొంచెమే.

అగస్టీను పేరు విన్నారు కదా, ఉత్తర ఆఫ్రికాలో హిప్పో అనే చోట బిషప్పు, 354లో పుట్టి 430లో చనిపోయాడు. మొదట్లో ఆయన కూడా, ఎవరు నమ్ముతారో దేవుడికి ముందే తెలుసు కాబట్టి వాళ్లనే ఏర్పరచుకున్నాడు అనే అనుకునేవాడు. 396 ప్రాంతంలో ఒక స్నేహితుడి ప్రశ్నలకు జవాబు రాస్తూ రోమా తొమ్మిది దగ్గర ఇరుక్కుపోయాడు. ఆయన్ని తిప్పేసింది కొరింథీయుల పత్రికలోని ఒక్క ప్రశ్న, "నీకు కలిగిన వాటిలో పరునివలన నీవు పొందనిది ఏది?" విశ్వాసం కూడా పొందిందే అయితే, నా విశ్వాసాన్ని చూసి దేవుడు నన్ను ఎంచుకున్నాడని ఎలా అంటాను? మనిషి స్వేచ్ఛ వైపు నిలబడాలని చాలా పెనుగులాడాను, చివరికి కృపే గెలిచింది అని ముసలితనంలో రాసుకున్నాడు. ఆయన ప్రార్థన ఒకటి ఉంది, "నువ్వు ఆజ్ఞాపించేది నువ్వే ఇవ్వు, ఆ తర్వాత నీకిష్టమైంది ఆజ్ఞాపించు." రోములో ఎవరో ఇది చదువుతుంటే విని పెలాగియ అనే బోధకుడికి ఒళ్లు మండింది, అన్నీ దేవుడే ఇస్తే మనిషి ఇక ఎందుకు కష్టపడతాడు అని. ఆయన బాధ కూడా అర్థం లేనిది కాదు, ఊళ్లో క్రైస్తవుల బతుకు చూసి అన్నాడు. 418లో కార్తేజు సభ పెలాగియ బోధను తోసిపుచ్చింది.

తర్వాత తొమ్మిదో శతాబ్దంలో గాట్‌షాక్ అనే సన్యాసి. ఇతని కథ నన్ను వదలదు. చిన్నప్పుడే తల్లిదండ్రులు మఠానికి ఇచ్చేశారు, పెద్దయ్యాక నేను ఎంచుకోలేదు, నన్ను వదిలేయండి అని అర్జీ పెట్టుకున్నాడు. చర్చి సభ ఒకటి మొదట సరేనంది, కానీ అతని మఠాధిపతి పైకి మొరపెట్టి అడ్డుపడ్డాడు. తన బతుకులో తన ఎంపిక అనేది ఏదీ లేని మనిషి, రక్షణైనా నాశనమైనా రెండూ దేవుడు ముందే నిర్ణయించాడని బోధించాడు. 849లో అతన్ని కొరడాలతో కొట్టి, రాసిన కాగితాలు అతని చేతే మంటల్లో వేయించి, చచ్చేదాకా మఠంలో బంధించారు. ఎవరి సిద్ధాంతం సరైందో తర్వాత మాట్లాడుకుందాం, కొరడా పట్టుకున్నవాళ్లు కృప గురించి ఏం అర్థం చేసుకున్నట్టు?

పదహారో శతాబ్దపు ప్రొటెస్టంటు సంస్కర్త కాల్విన్ గురించి ఒకే ఒక్క విషయం. జనం ఆయన పేరు చెప్పగానే ముందస్తు నిర్ణయమే ఆయన బోధకు పునాది అనుకుంటారు. 1559లో వచ్చిన తన పెద్ద గ్రంథపు చివరి కూర్పులో ఆయన ఈ పాఠాన్ని ఎక్కడ పెట్టాడంటే, విశ్వాసం అయిపోయాక, నీతిమంతులుగా తీర్చబడటం అయిపోయాక, ప్రార్థన మీద పెద్ద అధ్యాయం కూడా అయిపోయాక. అంటే లోపలికి వచ్చినవాడు వెనక్కి తిరిగి చూసే చోట. నా ఏర్పాటును ఎక్కడ చూసుకోవాలి అంటే క్రీస్తే అద్దం, ఆయనలో చూసుకో, దేవుడి రహస్య నిర్ణయాల్లో తొంగి చూస్తే దారి దొరకని చిక్కుల్లో పడతావు అన్నాడు. కొందరు నాశనానికి నిర్ణయించబడ్డారనే మాట భయంకరమైనదని ఆయనే ఒప్పుకున్నాడు కూడా. అక్కడ మాత్రం నేను ఆయనతో వెళ్లలేను, ఆ సంగతి దాచను.

డోర్ట్ సభ గురించి విన్నవాళ్లు చేతులెత్తండి. ఇద్దరే. సరే. నెదర్లాండ్స్‌లో ఆర్మీనియస్ అనే ప్రొఫెసరు, నమ్ముతారని దేవుడు ముందే చూసినవాళ్లనే ఏర్పరచుకున్నాడని చెప్పి 1609లో చనిపోయాడు. మరుసటి ఏడు ఆయన అనుచరులు ఐదు అంశాలు రాసి ప్రభుత్వానికిచ్చారు. 1618 నవంబరు నుంచి 1619 మే దాకా డోర్ట్ నగరంలో సభ కూర్చుంది, ఆర్మీనియస్ వైపు వాళ్లను మధ్యలోనే బయటికి పంపేసింది, తీర్పు వాళ్లకు వ్యతిరేకంగా వచ్చింది. అందులో రాజకీయం ఎంతుందో చెప్పాలా? ఆ వర్గాన్ని కాపాడిన పెద్దాయన ఓల్డెన్‌బార్నెవెల్ట్, డెబ్బై దాటిన మనిషి, 1619 మే 13న తల నరికేశారు. అదే వర్గంలోని పండితుడు గ్రోషియస్‌కు యావజ్జీవం పడింది, రెండేళ్లకు భార్య ఉపాయంతో పుస్తకాల పెట్టెలో దూరి కోట నుంచి తప్పించుకున్నాడు. అయితే అదే సభ రాసిన తీర్మానాల్లో ఎవరూ చదవని ఒక చోటుంది, మన చీటీ రాసిన మనిషికి అచ్చంగా సరిపోతుంది. నాలో బలమైన నిశ్చయత లేదే అని బాధపడేవాళ్లు ఏర్పాటు మాట విని బెదిరిపోకూడదు, తమను తాము తోసివేయబడినవాళ్లలో లెక్కేసుకోకూడదు, వాక్యం, ప్రార్థన విడవకుండా ఇంకా సమృద్ధైన కృప కోసం ఎదురుచూడాలి అని ఉంది. అంత కఠినమైన సభ ఈ మాట రాసింది!

కేథలిక్కుల్లోనూ ఇదే గొడవ. డొమినికన్లు, జెస్యూట్లు అనే రెండు సన్యాసి సంఘాలవాళ్లు ఏళ్ల తరబడి పోపుగారి ముందు వాదించుకుంటే, 1607లో ఐదవ పౌలు పోపు ఇద్దర్నీ ఇంటికి పొమ్మన్నాడు, ఒకర్నొకరు మతభ్రష్టులు అనుకోకండి అన్నాడు. ఎవరిది రైటో తీర్పు మాత్రం ఇవ్వలేదు. నవ్వకండి, నాకు ఆ పోపుగారి మీద గౌరవం పెరిగింది.

వెస్లీ, వైట్‌ఫీల్డ్ అనే పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు బోధకులు కూడా అంతే గట్టిగా పోట్లాడుకున్నారు. 1739లో వెస్లీ ఈ సిద్ధాంతానికి వ్యతిరేకంగా ప్రసంగించి అచ్చు వేయించాడు. ప్రసంగించాలా వద్దా అని చీట్లు వేసి చూసుకున్నాడట, మనిషి స్వేచ్ఛ గురించి మాట్లాడటానికి చీట్లు! వైట్‌ఫీల్డ్ మరుసటి ఏడు డిసెంబరులో బహిరంగ లేఖతో జవాబిచ్చాడు. స్నేహం దెబ్బతింది, మళ్లీ కలిసింది, 1770లో వైట్‌ఫీల్డ్ చనిపోతే స్మారక ప్రసంగం చేసింది వెస్లీనే.

ఇంక నిద్ర పట్టని మనిషి దగ్గరికి వద్దాం, ఆలస్యం చేశాను.

విలియం కూపర్ అని ఒక ఇంగ్లీషు కవి, 1731 నుంచి 1800 దాకా బతికాడు. ఆయన రాసిన కీర్తనలు ఇప్పటికీ ప్రపంచమంతా పాడుతున్నారు. మనసుకు జబ్బు చేసిన మనిషి, పదే పదే కుంగిపోయేవాడు. 1773లో ఒక కల వచ్చింది, "నీ పని అయిపోయింది, నువ్వు నశించావు" అనే మాట వినపడింది. ఆ తర్వాత చనిపోయేదాకా ఇరవై ఏడేళ్లు తాను తోసివేయబడ్డాననే నమ్మాడు. గుడికి వెళ్లడం మానేశాడు. ఆయన పాటలు పాడి వేలమంది ధైర్యం తెచ్చుకుంటున్నారు, ఆయనేమో పేరు కొట్టేశారనుకుంటూ ఇంట్లో కూర్చున్నాడు. దీన్ని సిద్ధాంతం తప్పు అని నేను అనను, జబ్బు తప్పు. కానీ జబ్బు పట్టుకోవడానికి మనం ఎలాంటి కొక్కెం గోడకు తగిలించి ఉంచామో అదీ చూసుకోవాలి. చీటీ రాసిన వారెవరో గానీ, నెలల తరబడి నిద్ర లేకపోతే డాక్టర్ని కలవండి. నేను వాక్యం చెప్తాను, డాక్టరు నిద్ర సంగతి చూస్తాడు, రెండూ దేవుడి పనులే.

వాక్యం ఏమిటంటే, మీరు తప్పు చోట వెతుకుతున్నారు. పునాది పడకముందు రాసిన చిట్టా మీకు దొరకదు, నాకూ దొరకదు, ఎవరికీ చూపించలేదు. చూపించింది క్రీస్తును. ఎఫెసీలో "క్రీస్తులో మనలను ఏర్పరచుకొనెను" అని ఉంది, ఆ "క్రీస్తులో" అనే మాటను మనం మింగేస్తాం. ఇరవయ్యో శతాబ్దంలో స్విట్జర్లాండు వేదాంతి కార్ల్ బార్త్ దీన్నే పట్టుకుని, ఏర్పరచబడినవాడూ ఆయనే, మన బదులు తోసివేయబడినవాడూ ఆయనే అని 1942లో వందల పేజీలు రాశాడు. అన్నీ ఒప్పుకుంటానని కాదు గానీ చూపు సరైన చోటికి తిప్పాడు. "నా యొద్దకు వచ్చువానిని నేనెంతమాత్రమును బయటికి త్రోసివేయను" అన్నాడు యేసు, యోహాను ఆరో అధ్యాయం. తండ్రి నాకిచ్చినవాళ్లందరూ నా దగ్గరికి వస్తారు అనే మాట కూడా అదే వచనంలో, దానికి ముందే ఉంది. మనం మొదటి సగం పట్టుకుని భయపడతాం, రెండో సగం దాకా వెళ్లం. రండి, వచ్చాక వెనక్కి చూసుకోండి.

ఈ మాటను దుర్వినియోగం చేసినవాళ్ల గురించి కూడా చెప్పాలి. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్లు చాలామంది తామే ఏర్పరచబడిన జనమని నమ్మారు, వర్ణవివక్షను వాళ్ల చర్చి వాక్యంతోనే సమర్థించింది. 1982లో కాల్విన్ బాటలో నడిచే రిఫార్మ్‌డ్ సంఘాల ప్రపంచ కూటమి ఒట్టావాలో కూర్చుని ఆ సమర్థన మతభ్రష్టత్వం అని తేల్చి చెప్పింది. ఆమోసు అదే పని రెండు వేల ఏడొందల ఏళ్ల కింద చేశాడు, మనం చదవలేదు.

చివరగా ఒక తల్లి. కొన్నేళ్ల క్రితం ఆరాధన అయిపోయాక అందరూ వెళ్లేదాకా ఆగి నా దగ్గరికి వచ్చింది. కొడుకు విశ్వాసం వదిలేసి పదేళ్లయిందట, ఇంటికి వస్తాడు, బాగానే చూసుకుంటాడు, ప్రార్థన మొదలుపెడితే లేచి బయటికి వెళ్లిపోతాడు. "అయ్యగారూ, మావాడు ఏర్పాటులో లేడేమోనండీ. లేకపోతే ఇంత ప్రార్థించినా..." అని ఆపేసింది. ఎవరో పెద్దమనిషి ఆమెతో ఆ మాట అన్నాడట. నా స్నేహితుడు గుర్తొచ్చాడు, నా గొంతు పెగల్లేదు.

కాసేపటికి యెష్షయి ఇంటి కథ చెప్పాను, పదకొండో వచనం ఒక్కటే. వాడు వచ్చేదాకా కూర్చునేది లేదన్నాడమ్మా ప్రవక్త, అన్నాను. ఆమె ఏమీ అనలేదు. బ్యాగులో పెన్ను వెతుక్కుని, బైబిల్లో ఆ వచనం పక్కన ఏదో రాసుకుంది. కొడుకు పేరనుకుంటాను, నేను తొంగి చూడలేదు.

నా స్నేహితుడికి కూడా పోయిన నెల ఫోన్ చేసి, ఆ రాత్రి అన్న మాటకు క్షమించమని అడిగాను. ముప్పై ఏళ్లు పట్టింది అడగడానికి. వాడు కాసేపు మాట్లాడలేదు, తర్వాత "నీకింకా గుర్తుందా?" అన్నాడు. అంటే వాడికీ గుర్తుంది.

సరే, చీటీలు ఇటు పంపండి. ఇదేంటి... "దేవుడు ముందే నిర్ణయిస్తే మేం సువార్త ఎందుకు చెప్పాలి?" మంచి ప్రశ్న. కొరింథులో పౌలు భయపడుతుంటే ప్రభువు రాత్రి దర్శనంలో ఏమన్నాడో అపొస్తలుల కార్యాలు పద్దెనిమిదిలో చూడండి, ఈ పట్టణంలో నాకు చాలామంది జనం ఉన్నారు, మాట్లాడు, మౌనంగా ఉండకు అన్నాడు. వాళ్లెవరో పౌలుకు పేర్లు చెప్పలేదు. అందుకే ఏడాదిన్నర ఉండి అందరికీ చెప్పాడు. తర్వాతి చీటీ ఇవ్వండి.